నీలిరంగు పరీక్ష నుండి అతిధ్రువీకృత అయస్కాంత అనునాదం వరకు

మట్టిలో భాస్వరాన్ని మాలిబ్డేటు నీలిరంగుతో కొలిచే విద్యార్థికి యల్లాప్రగడ సుబ్బారావు పని పరిచితమే. 1895లో భీమవరంలో పుట్టి రాజమహేంద్రవరంలో చదివిన ఆయన, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఇదే సూత్రంపై రక్తం, మూత్రాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండర ద్రావణంలో మాత్రం రంగు ఆలస్యంగా తేరింది. మరొకరైతే దానిని దోషంగా వదిలివేసేవారేమో! ఆమ్లంలో క్రమంగా విచ్ఛిన్నమయ్యే ఫాస్ఫోక్రియాటిన్ అందుకు కారణమని 1927లో వారు వెల్లడించారు.

ఈ పరీక్షకు కణజాలాన్ని కోసి తీయక తప్పదు. భాస్వరం-31 అయస్కాంత అనునాదం ఆ అవసరాన్ని తొలగించింది. 1981లో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు మెకార్డిల్ వ్యాధిగ్రస్తుని ముంజేతి కండరాన్ని కోయకుండానే పరిశీలించగా, వ్యాయామంలో ఆమ్లత పెరగలేదు. గ్లైకోజెన్ నుండి లాక్టేటు ఏర్పడడం లేదని తేలింది.

ప్రకృతిలోని భాస్వరమంతా ఈ రూపమే. కర్బనంలో అనునాదమిచ్చే కర్బనం-13 మాత్రం 1.1 శాతమే, సంకేతమూ బలహీనం. అందుచేత కర్బనం-13తో తయారుచేసిన పైరువేటును పరమశూన్యానికి ఒకటి రెండు డిగ్రీల ఎగువన ఉంచి, మైక్రోతరంగాల సాయంతో ఎలక్ట్రానుల ధ్రువీకరణను కర్బన కేంద్రకాలకు బదిలీ చేసి, తటాలున కరిగిస్తారు. సంకేతం పదివేల రెట్లకు పైగా పెరుగుతుందని 2003లో నిరూపితమైంది. ఆ బలం నిమిషం, రెండు నిమిషాలలో తరిగిపోతుంది. ఆలోగానే సిరలోకి ఎక్కించి, పైరువేటు లాక్టేటుగా మారే వేగాన్ని కొలవాలి. క్యాన్సరు కణాలలో ఆ వేగం అధికం. 2013లో ప్రకటితమైన కాలిఫోర్నియా అధ్యయనంలో 31 మంది ప్రోస్టేటు క్యాన్సరు రోగులలో దీనిని తొలిసారి పరిశీలించారు.