కార్తికపు గాలివానలు – ఇరుగుపొరుగుల సన్నాహము

మన శింగనమల ప్రాంతమున వానను గూర్చి హెచ్చరింప బూనినవాడు తొలుత నవ్వులపాలగుట సహజము. సంవత్సరము మొత్తముమీద సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లాలో, వాన మిక్కుటమైనచో నేమి చేయవలయునని యడుగుట ఎండిన బావిలో ఈత నేర్పుటవలె తోచును. ఒక వృద్ధుడగు సభ్యునితో ఈ ప్రస్తావన తేగా ఆయన, "వాన రాక చచ్చుచున్నాము గాని నాయనా, వాన వచ్చి చచ్చినవారెవరు?" అనెను.

చచ్చినవారు కలరు. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీ వేకువను చెన్నపట్టణము సమీపమున తీరము దాటిన వాయుగుండము పడమరగా సాగి రాయలసీమను ముంచెత్తెను. ఆ వానలలో కదిరి పట్టణమున ఇండ్లు కూలి పసిపిల్లలు సైతము మరణించిరి. ఆనాడే చెన్నేకొత్తపల్లి మండలము వెల్దుర్తి యొద్ద చిత్రావతి వరదలో పదిమంది చిక్కుకొనగా, వారిని వైమానిక దళపు హెలికాప్టరు వచ్చి పైకి తీసెను. అందు కొందరు కారులో నున్నవారిని రక్షింపబోయి తామే చిక్కినవారు. మరుసటి యేట, 2022 అక్టోబరు రెండవ వారములో, అనంతపురమున నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలే నీట మునిగెను.

సముద్రము మనకు దూరమే. అయినను ఆశ్వయుజ కార్తిక మార్గశిర మాసములలో బంగాళాఖాతమున పుట్టిన గాలివాన నెల్లూరు చెన్నపట్టణముల నడుమ తీరము దాటినచో, దాని గాలి బలము తగ్గునేగాని కడుపులోని నీరు తగ్గదు. మనకు వచ్చునది గాలి గాదు. రెండుమూడు దినములు విడువక కురియు ముసురు. మన ఇండ్లకు ఈ ముసురే శత్రువు.

మట్టిమిద్దెను గూర్చి కొంచెము లెక్క వేయుదము. పది అడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు గల గదిపై అడుగు మందమున మట్టి యున్నదనుకొనుడు. అది నూటయిరువది ఘనపుటడుగులు. పొడిమట్టి ఘనపుటడుగునకు సుమారు 45 కిలోలు తూగును. నానిన మట్టి 55 కిలోలకు తక్కువ తూగదు. అనగా మిద్దె పూర్తిగా నానినచో, దూలములపై నొక్క దినములో టన్నుకు పైబడిన క్రొత్త బరువు పడును. మన పెద్దలు ఏటేట చవుడు పరచుట ఇందులకే. చవుడు మట్టి తడిసినపుడు మెత్తబడి సందులను పూడ్చి నీటిని లోనికి దిగనీయదు. అయితే పాతపొరను గీకివేయక దానిపైననే క్రొత్త చవుడు పోయువారు పలువురు. ఇరువదియేండ్లు ఇట్లు చేసిన మిద్దె, వాన లేకయే దూలమును వంచును. తొలుత గీకుడు, పిదప పరచుడు. నీరు పోవు దోనెలలోని గడ్డిని, పిచ్చుకగూళ్లను తీసివేయుడు. గవాక్షికి మూత సిద్ధపరచుకొనుడు. గోడలో దిగిన దూలపు కొనలను గడ్డపార వెనుకవైపుతో తట్టి చూడుడు. డొల్లగా మ్రోగినచో చెదలు తిన్నదని యర్థము. అట్టిదానికి వానకు ముందే ఊతకొయ్య నిలుపవలయును.

రాత్రివేళ పైనుండి మట్టి రాలుట, దూలము చిట్లు చప్పుడు, తలుపు చట్రములో బిగుసుకొనుట - ఈ మూటిలో నేది కనబడినను సామాను వెదకుకొనక పిల్లలతో వెలుపలికి రావలయును. ఎచ్చటికి పోవలయునో ముందే నిశ్చయించుకొనక పోయినచో ఆ చీకటిలో తోచదు. బడి కట్టడమో, గట్టి పైకప్పు గల పొరుగింటివారో - ఒక మాట ముందే అడిగి యుంచుకొనుడు.

ఇక వేరుసెనగ. ఆషాఢమున విత్తిన చేను సరిగా ఈ వానలకే పెరుకుడునకు వచ్చును. ఆకాశము చూచి కాక, వాతావరణశాఖవారి హెచ్చరికను చూచి పెరుకుట మేలు. నారింజ రంగు, ఎరుపు రంగు హెచ్చరికలు వచ్చినపుడు పెరికి చేలో పరచుట జూదమే. పెరికినది యున్నచో మెరకపై కాయలు లోపలికి, కట్టె వెలుపలికి వచ్చునట్లు వామి వేసి పట్ట కప్పుడు. వాన వెలియగానే పట్ట తీయుట మరువరాదు. పచ్చికాయ పట్ట క్రింద ఉడికి బూజు పట్టును. ఆ బూజు విషము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చుటకు బూజు పట్టిన వేరుసెనగ చెక్కయే కారణమని కనుగొనిరి. ఆ చెక్కను పశువులకును పెట్టకుడు.

చెరువును వంకలను గూర్చి ఒక్క మాట. 1858లోనే చెన్నపట్టణపు రాజధానిలో చెరువుకట్ట తెగు ప్రమాదము వచ్చినపుడు ఊరివారు పనికి రావలెనని చట్టము వచ్చెను. చట్టము లేకున్నను మన తాతలు వచ్చుచుండిరి. కట్టపై కంపచెట్ల వేళ్లు, ఎలుకబొక్కలు, మరువకు అడ్డుపడిన పూడిక - వీనిని వాన రాకముందే ఊరంతయు కలసి చూడవలసినది. కట్ట దిగువన బురదనీరు ఊటగా వచ్చినచో ఆ క్షణమే కబురు చేయుడు. ఇక వంక దాటువిషయము: ఇచట చినుకు లేకున్నను, పైన కురిసిన నీరు వచ్చును. మోకాలిలోతు ప్రవాహము మనిషిని పడద్రోయగలదు. బండియైనను, మోటారు సైకిలైనను ఆపి నీరు తీయువరకు నిలిచియుండుడు.

ఇంటిలో నుంచుకొనవలసినవి అందరికి తెలిసినవే: మూడుదినముల గ్రాసము, కాచిన నీరు, అగ్గిపెట్టె, దీపము, ముసలివారి మందులు, పాసుపుస్తకము మొదలగు కాగితములు ప్లాస్టిక్ సంచిలో కట్టి యుంచుట, ఫోనును ముందే చార్జి చేసికొనుట. ఆపద వచ్చినచో 112 నెంబరునకు చేయుడు. తడిచేతితో మోటారు స్టార్టరును తాకి ప్రాణము పోగొట్టుకొన్న రైతులు మన సీమలో తక్కువ కారు. వాన కురియుచుండగా దాని జోలికి పోకుడు.

ఇవన్నియు చేసికొనగలవాడు చేసికొనును. చేసికొనలేనివారి మాట యేమి? ఒంటరిగానున్న అవ్వ మిద్దె నెక్కి చవుడు పరచగలదా? కొడుకులు బెంగుళూరికి వలసపోయిన ముసలి దంపతులకు ఊతకొయ్య నెవరు నిలుపుదురు? మన యూళ్లలో ముయ్యికి ముయ్యి పనిచేయు ఆచారము కలదు. కలుపునకును, కోతకును ముయ్యి పోవు మనము మిద్దెకు పోకూడదా? నలుగురు కలసినచో ఒక మిద్దె ఒక దినపు పని. బోధ చేసినచో పొరుగువారు వినరు. తట్ట, పార తీసికొనిపోయి "అవ్వా, మీ మిద్దె చూడవచ్చితిమి" అన్నచో కాదనరు. నేను పైని చెప్పిన వృద్ధుడును అట్లే యొప్పుకొనెను. ఆయన మిద్దెపైనుండి మేము గీకి దింపిన పాతమట్టి రెండు బండ్లు నిండెను. దానిని చూచి ఆయన నవ్వుట మానెను.

చివరగా, వాన వెలిసిన పిదప తొందర వలదు. నానిన గోడ వానలో నిలిచి, ఎండ కాయగానే బీటలు వారి పడుట కలదు. రెండుమూడు దినములు గోడప్రక్కన పడుకొనక, పశువులను కట్టక, బావినీటిని కాచియే త్రాగుచు, గోడల నొకమారు వెలుపలను లోపలను చూచిన పిమ్మటనే ఇంటిలో చేరుడు.