సాంఘికశాస్త్ర పాఠములు – శీలశిక్షణము

విద్య కంఠస్థమైనంత మాత్రమున చాలదు. అది నడవడియందు కనబడవలెను. ఈ కారణముచేతనే ఉన్నత పాఠశాలలలో నీతిబోధకు వేరుగా ఒక గంట కేటాయింపవలెనని పెద్దలు కోరుచుందురు. 1986 నాటి జాతీయ విద్యావిధానము కూడ సాంఘిక, నైతిక విలువలను పెంపొందించుటకు విద్య సాధనము కావలెనని చెప్పినది. అయితే ఆ విలువలకై వేరొక గ్రంథమును వెదకనక్కరలేదు. మానవులు కలిసి జీవించుట ఎట్లో తెలుపు సాంఘికశాస్త్రమునందే అవి ఇమిడియున్నవి. వాటిని పైకి తీయు నేర్పు ఉపాధ్యాయునికి కావలెను.

మేడ్చల్ రహదారిపైనున్న పేట్ బషీరాబాద్ ప్రాంతమునే తీసికొందము. దీనికి సమీపమున జీడిమెట్ల వద్ద నిజాముల కాలపు ఫాక్స్ సాగర్ చెరువు కలదు. ఎగువ చెరువు నిండి అలుగు పారగా ఆ నీరు దిగువ చెరువునకు చేరుట తెలంగాణములోని గొలుసుకట్టు చెరువుల పద్ధతి. ఇది భూగోళపాఠము. 2020 అక్టోబరు వర్షములకు ఫాక్స్ సాగర్ పొంగి చెంతనున్న ఇండ్లు నీట మునిగినవి. ఇది ఇటీవలి చరిత్ర. ఇచ్చట ఉపాధ్యాయుడు ఒక్క ప్రశ్న అడిగిన చాలును: “నీరు ఇండ్లలోనికి వచ్చినదా, ఇండ్లు నీటి చోటికి పోయినవా?”

ఈ ప్రశ్నతో తరగతి మేల్కొనును. చెరువు శిఖమును ఆక్రమించుట యెవరికి లాభము, ఎవరికి నష్టము అని విద్యార్థులు తర్కింతురు. తెలియక అచ్చట ఇల్లు కొని సర్వము పోగొట్టుకొన్న గృహస్థును నిందించుట తగునా అనియు ఆలోచింతురు. న్యాయబుద్ధితోపాటు దయ కూడ అలవడుట ఇట్లే. చెరువులను, నదులను, అడవులను కాపాడుట, ప్రాణులయెడ కరుణ చూపుట పౌరుని ప్రాథమిక విధియని రాజ్యాంగములోని 51ఎ అధికరణము చెప్పుచున్నది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన ఈ విధులను వరుసగా అప్పగించిన బాలుడు, ఇంటికి పోవుచు మురుగుకాలువలో చెత్త వేసినచో, పరీక్షలో నెగ్గియు పాఠమున ఓడినవాడే.

మరియొక పాఠము భూదానము. 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో నలుబది దళిత కుటుంబములవారు వినోబా భావేను ఎనుబది ఎకరముల భూమి కోరిరి. వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చెను. ఆ సంవత్సరమును, పేరులను వల్లె వేయించి విడిచినచో పాఠము సగమే. పొలములో చెమటోడ్చువానికి పొలము లేకుండుట ఏల? అడిగినదానికంటె అధికముగా ఇచ్చిన మనస్సు ఎట్టిది? ఈ ప్రశ్నలు పుట్టవలెను. దేశమంతట దానముగా లభించిన భూములలో చాలభాగము సాగుకు పనికిరానిదనియు, కొంత పేదలకు చేరనే లేదనియు కూడ చెప్పవలెను. అందువలన పోచంపల్లి దాత ఘనత తగ్గదు. మేలును మాత్రమే చెప్పి లోపమును దాచు గురువు త్యాగమును బోధించుచునే సత్యమును విడిచినవాడగును.

కావున బోధకు మూడు మెట్లు. మొదట జరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పుట. పిదప తీర్పు తానే చెప్పక విద్యార్థులచే ఆలోచింపజేయుట. తుదకు చిన్నదైనను ఒక పని చేయించుట. ఊరి చెరువును చూచి దాని పూర్వస్థితిని వృద్ధులనడిగి వ్రాసికొని వచ్చుట అట్టి పనియే. మూడవ మెట్టు లేనిచో మొదటి రెండును మాటలుగానే మిగులును.

ఇందు తల్లిదండ్రులకును భాగము కలదు. బడిలో సమానత్వము చదివిన పిల్లవాడు ఇంట పనిమనిషికి వేరు గ్లాసు చూచినచో, అతడు నమ్మునది పుస్తకమును కాదు, ఇంటిని. మార్కుల పట్టీ చేతికి వచ్చినపుడు “ఎన్ని వచ్చినవి?” అని అడుగు తల్లిదండ్రులు “ఏమి నేర్చితివి?” అనియు అడుగుదురుగాక. గురువు నోటను, ఇంటి నడతయందును ఒకే మాట వినబడిననాడు విలువలు బాలుని హృదయమున స్థిరపడును.