సందర్శక పండితులు – ఆరోగ్య బీమా

విదేశీ విశ్వవిద్యాలయం నుండి ఆహ్వానపత్రం వచ్చినదనగానే మన అధ్యాపకుల ఇండ్లలో జరిగే ఏర్పాట్లు అందరికీ తెలిసినవే. సెలవు మంజూరు, పాస్‌పోర్టు, వీసా, విమానపు టిక్కెట్టు, చలికోటు, ఆవకాయ సీసా – ఇవన్నీ ముగిసి, ప్రయాణం ఇంక వారం రోజులున్నదనగా ఆరోగ్య బీమా సంగతి జ్ఞప్తికి వస్తుంది. అప్పుడు అన్నిటికన్న తక్కువ ప్రీమియం గల పాలసీని కొని, ఆ కాగితాన్ని ఫైలులో భద్రపరచి, ఆ పని కూడ తీరినదని నిశ్చింతగా ఉంటారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. విశ్వవిద్యాలయపు నిబంధనకు సరిపోయే పాలసీ వేరు, జబ్బుపడిన మనిషికి సరిపోయే పాలసీ వేరు. ఈ రెండింటికీ నడుమ ఎంత దూరమున్నదో తెలిసికొన్న తరువాతనే సంతకం చేయుట మంచిది.

ఇందుకు అమెరికా సంయుక్త రాష్ట్రాలను ఉదాహరణగా తీసికొంటున్నాము. మన తెలుగువారు పెక్కుమంది విద్యావ్యాసంగానికై వెళ్ళే దేశమది. తలసరి వైద్యవ్యయం ప్రపంచంలోకెల్ల అధికంగా ఉన్న దేశం కూడ అదే. అక్కడి విశ్వవిద్యాలయానికి పరిశోధనకో, బోధనకో అతిథులుగా వెళ్ళే పండితులలో చాలామందికి జె-1 అనే వీసా లభిస్తుంది. 1961లో అమెరికా కాంగ్రెసు ఆమోదించిన విద్యా సాంస్కృతిక వినిమయ చట్టం ఈ ఏర్పాటునకు ఆధారం. స్వల్పకాలిక పండితునిగా వెళ్ళువారు ఆరు నెలల వరకు, పరిశోధక పండితునిగా వెళ్ళువారు ఐదేండ్ల వరకు ఉండవచ్చును. ఆహ్వానించిన విశ్వవిద్యాలయం డి.ఎస్. 2019 అనే పత్రాన్ని పంపుతుంది. ఆ పత్రంలో కార్యక్రమం మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ వ్రాసి ఉంటాయి. ఆ రెండు తేదీలను పాఠకులు గుర్తుంచుకొనవలెను. వానితో మనకు ముందు పని ఉన్నది.

జె-1 వీసాపై వెళ్ళిన ప్రతివారికీ, వారి వెంట జె-2 వీసాపై వెళ్ళిన భార్యకు లేక భర్తకు, పిల్లలకు కూడ ఆరోగ్య బీమా తప్పనిసరి. అది ఎట్లుండవలెనో ఫెడరల్ నిబంధనావళి నిర్ణయించినది. 2015 మే 15 నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం, ఒక్కొక్క వ్యాధికి లేక ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల వైద్యవ్యయాన్ని పాలసీ భరించవలెను. రోగిని చికిత్సకై స్వదేశానికి తరలించుటకు 50,000 డాలర్లు, మరణం సంభవించినచో భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చుటకు 25,000 డాలర్లు ఉండవలెను. అంతకు పూర్వం ఈ మొత్తాలు వరుసగా 50,000, 10,000, 7,500 డాలర్లు మాత్రమే. ఇంతేగాక బీమా సంస్థకు గుర్తింపు పొందిన రేటింగు సంస్థలు ఇచ్చిన శ్రేణి ఒక స్థాయికి తగ్గరాదు. మన దేశంలో కొన్న పాలసీలు కొన్ని ఈ చివరి షరతు దగ్గరనే తిరస్కరింపబడుతాయి. కనుక డబ్బు చెల్లించుటకు ముందే పాలసీ వివరాలను ఆతిథ్య విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యాలయానికి పంపి, అంగీకారాన్ని వ్రాతమూలకంగా తెప్పించుకొనుట యుక్తం. తెలిసి తెలిసి బీమా లేకుండ ఉన్న పండితుని కార్యక్రమాన్ని విశ్వవిద్యాలయం రద్దు చేయవలసి ఉంటుంది. అట్లు రద్దయిన పిమ్మట ఆ దేశంలో ఉండుటకు ఆధారమే ఉండదు.

లక్ష డాలర్లనగానే మనము రూపాయలలో లెక్కించి చాల పెద్ద మొత్తమనుకొంటాము. లెక్కించవలసినది అక్కడి ఆస్పత్రి బిల్లుతోనే గాని ఇక్కడి జీతంతో కాదు. నిబంధనలలోనే రెండు సడలింపులు ఉన్నవి. ఒక్కొక్క వ్యాధికి మొదటి 500 డాలర్ల వరకు రోగియే భరించవలెనని పాలసీ షరతు పెట్టవచ్చును; దీనిని డిడక్టిబుల్ అంటారు. ఆ పైన మిగిలిన ఖర్చులో నూటికి 25 వంతుల వరకు రోగిపై వేయవచ్చును, ఇది కో-ఇన్సూరెన్స్. ఒక పండితునికి అపెండిసైటిస్ వచ్చి శస్త్రచికిత్స జరిగినదనీ, బిల్లు 20,000 డాలర్లయినదనీ అనుకొందము. మొదటి 500 తీసివేయగా 19,500 మిగులుతుంది. అందులో నాల్గవ వంతు 4,875. అనగా నిబంధనకు పూర్తిగా సరిపోయిన పాలసీయే ఉన్నను, ఆ పండితుడు తన జేబు నుండి 5,375 డాలర్లు ఇచ్చుకొనవలసి రావచ్చును. వ్యాధి ఇంకను పెద్దదై బిల్లు 1,40,000 డాలర్లకు చేరినచో, పాలసీ తన లక్ష ఇచ్చి తప్పుకొంటుంది. తక్కిన 40,000 డాలర్లు రోగివే. కొన్ని పాలసీలలో రోగి భరించవలసిన భాగానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ప్రీమియం కొంచెమెక్కువైనను అట్టి పాలసీయే మేలని మా అభిప్రాయం.

అక్కడ అత్యవసర చికిత్సను ఎవరికీ నిరాకరించరు గదా, అని కొందరు ధైర్యం చెపుతారు. ఆ మాట సగం నిజం. 1986లో వచ్చిన చట్టం ప్రకారం, అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని, డబ్బు ఉన్నదా లేదా అని చూడక, పరీక్షించి ప్రాణాపాయస్థితి నుండి తప్పించుట ఆస్పత్రి విధి. కాని ఆ చికిత్స ఉచితమని ఆ చట్టం ఎక్కడను చెప్పలేదు. బిల్లు ఇంటికి వస్తుంది. అది రోగి పేర అప్పుగా నిలిచిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన విషయానికి వస్తాము. మన కళాశాలల నుండి వెళ్ళే సందర్శక పండితులు సామాన్యంగా ఇరువది ఏండ్ల యువకులు కారు. ఉద్యోగంలో స్థిరపడి, పరిశోధన చేసి, కొంత పేరు సంపాదించిన తరువాతనే ఇట్టి ఆహ్వానాలు వస్తాయి. అప్పటికి మధుమేహమో, రక్తపుపోటో తోడుగా ఉండుట మన ప్రాంతాలలో వింత కాదు. పాలసీలో పూర్వవ్యాధులను గూర్చిన షరతు ఇట్టివారికోసమే వ్రాసి ఉంటుంది. ఆ దేశంలో 2010 నాటి ఆరోగ్యచట్టం ఫలితంగా, 2014 నుండి సాధారణ ఆరోగ్య బీమా సంస్థలు పూర్వవ్యాధి ఉన్నదను కారణంతో చికిత్సను మినహాయించుటకు వీలులేదు. కాని ప్రయాణికులకు, సందర్శకులకు అమ్మే తాత్కాలిక పాలసీలకు ఆ రక్షణ వర్తించదు. జె-1 నిబంధన కూడ పూర్వవ్యాధుల విషయంలో సహేతుకమైన నిరీక్షణ కాలాన్ని అనుమతిస్తున్నది. కావున ఆరు నెలలకై వెళ్ళిన పండితుని పాలసీలో నిరీక్షణ కాలమే ఆరు నెలలున్నచో, అతని మధుమేహానికి బీమా లేనట్లే. కాగితం మీద మాత్రం నిబంధన నెరవేరినది!

పూర్వవ్యాధి అనే మాటకు ఒక్కొక్క పాలసీ ఒక్కొక్క అర్థం చెపుతుంది. ఒకటి గడచిన ఏడాదిలో చికిత్స పొందిన వ్యాధి అంటుంది. మరొకటి రెండు మూడేండ్లు వెనుకకు పోతుంది. కొన్నింటిలో, వైద్యుడు గుర్తించకపోయినను లక్షణాలు ముందే ఉన్నచో అదికూడ పూర్వవ్యాధియే. తనకు వ్యాధి ఉన్నదని రోగికే తెలియని స్థితిలో ఈ షరతు ఎంత కఠినమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. పూర్వవ్యాధి హఠాత్తుగా తీవ్రమైనచో మాత్రం చెల్లిస్తామని చెప్పే పాలసీలు ఉన్నవి. వానిలో వయఃపరిమితి ఉంటుంది. లక్షణం కనిపించిన 24 గంటలలోగా చికిత్స కోరవలెను వంటి నియమాలుంటాయి. రాత్రి గుండెలో నొప్పి వచ్చినచో అజీర్తి అనుకొని రెండు రోజులు ఓర్చుకొనే మన అలవాటు అక్కడ ప్రాణానికే గాక పాలసీకి కూడ ముప్పు తెస్తుంది.

ఈ చిక్కులను చూచి, ఉన్న వ్యాధిని దాచిపెట్టుమని సలహా ఇచ్చేవారు లేకపోలేదు. ఇది చాల ప్రమాదకరమైన సలహా. పెద్ద క్లెయిము వచ్చినప్పుడు బీమా సంస్థ స్వదేశంలోని వైద్యుని రికార్డులను తెప్పించుకొనగలదు. దాచిన సంగతి బయటపడినచో, ఆ వ్యాధికి సంబంధం లేని ఖర్చు కూడ చిక్కులో పడవచ్చును. ఉన్నది ఉన్నట్లు చెప్పి, దానిని భరించే పాలసీని వెదకికొనుటే దారి.

వెదకినచో దొరకదా? విశ్వవిద్యాలయం జీతమిచ్చి నియమించుకొన్న పండితునికి సాధారణంగా అక్కడి ఉద్యోగుల ఆరోగ్య పథకంలో చేరే అవకాశముంటుంది. అందులో పూర్వవ్యాధుల బెడద లేదు. అయితే అట్టి పథకాలలో స్వదేశానికి తరలింపు, భౌతికకాయం చేరవేత తరచుగా ఉండవు గనుక, ఆ రెండింటికి మాత్రం వేరుగా ఒక చిన్న పాలసీ తీసికొనవలసి ఉంటుంది. చిక్కంతా స్వంత ఖర్చుతోనో, మన దేశపు సంస్థల ఉపకారవేతనంతోనో వెళ్ళేవారికే. వీరికి కొన్ని విశ్వవిద్యాలయాలు విద్యార్థుల పథకంలోనో, పండితులకని ఏర్పరచిన సామూహిక పథకంలోనో స్థానమిస్తాయి. ఆహ్వానపత్రానికి జవాబు వ్రాసేటప్పుడే ఈ సంగతి అడుగుట మేలు. జీతమెంత అని అడుగుటకు సంకోచించని మనము, బీమాను గూర్చి అడుగుటకు ఎందుకో మొగమాటపడుతాము.

కుటుంబాన్ని వెంట తీసికొని వెళ్ళువారు మరికొన్ని చూచుకొనవలెను. ప్రసూతి ఖర్చు భరించవలెనని జె-1 నియమాలలో లేదు. పాలసీ మొదలైన తరువాత గర్భం ధరించినచో మాత్రమే ఇస్తామనే షరతు చాల పాలసీలలో ఉన్నది. బడిలో చేరే పిల్లలకు టీకాలు వేయించినట్లు ధ్రువపత్రం కావలెను; టీకాల ఖర్చును సందర్శకుల పాలసీలు సాధారణంగా భరించవు. కనుక ఇక్కడనే వేయించి, వైద్యుని సంతకంతో ఆంగ్లంలో పత్రం తీసికొని వెళ్ళుట సులభం. దంతవైద్యం, కళ్ళద్దాలు కూడ అంతే.

భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చుటను గూర్చి మాటలాడుటకు ఎవరికీ మనసు రాదు. అయినను మా పాఠకుల దృష్ట్యా ఒక మాట చెప్పక తప్పదు. ముస్లిం కుటుంబాలలో ఖననం ఆలస్యం కారాదని కోరుకొంటారు. అట్టివారు దేహాన్ని వేల మైళ్ళు తరలించుటకన్న, అక్కడనే జనాజా నమాజు జరిపించి ఖననం చేయుటకు ఇష్టపడవచ్చును. నియమం నిర్దేశించినది స్వదేశానికి చేరవేతను మాత్రమే. దానికి బదులుగా స్థానిక ఖననానికో, దహనానికో ఖర్చు ఇచ్చే పాలసీలు కొన్ని ఉన్నవి, ఇవ్వనివీ ఉన్నవి. ఆ వాక్యం పాలసీలో ఉన్నదా అని ముందుగా చదివి, ఇంటివారికి తమ కోరిక తెలిపి వెళ్ళినచో, దుఃఖసమయంలో వారు అపరిచితులతో ఫోనులో వాదించవలసిన దుస్థితి రాదు.

బ్రిటన్‌లో వైద్యం ఉచితమను నమ్మకం మనవారిలో బలంగా ఉన్నది గనుక, ప్రసంగవశాత్తు దానిని కూడ ప్రస్తావిస్తున్నాము. ఆరు నెలలకు మించిన ఉద్యోగ, విద్యార్థి వీసాలకు దరఖాస్తు చేయువారు 2015 నుండి ఆరోగ్యపు సర్‌చార్జి చెల్లించి, అక్కడి జాతీయ ఆరోగ్య సేవను పొందుతున్నారు. మొదట ఏడాదికి 200 పౌండ్లున్న ఆ రుసుము 2024 ఫిబ్రవరిలో 1,035 పౌండ్లయినది; విద్యార్థులకు 776. కాని విద్యావిషయక సందర్శకునిగా వెళ్ళినవారు, ఏడాదిపాటు ఉండుటకు అనుమతి పొందినను, చట్టం దృష్టిలో సందర్శకులే. వారు సర్‌చార్జి కట్టరు. ఆస్పత్రిలో చేరినచో ఇంగ్లండులో నిర్ణీత ధరకు ఒకటిన్నర రెట్లు చెల్లించవలసి ఉంటుంది. వారికి బీమాను ఎవరూ నిర్బంధించకపోవచ్చును. అవసరం మాత్రం తక్కువ కాదు.

మరల అమెరికాకు వత్తము. మొదట చెప్పిన రెండు తేదీలు గుర్తున్నవి గదా! కార్యక్రమం మొదలగుటకు 30 రోజుల ముందే ఆ దేశంలో ప్రవేశించుటకు, ముగిసిన తరువాత మరి 30 రోజులు ఉండుటకు అనుమతి ఉన్నది. పాలసీని పత్రంలోని తేదీలకు సరిగా కొలిచి కొన్నవారికి ఆ ముందు రోజులలో, ఆ వెనుక రోజులలో రక్షణ ఉండదు. ఇల్లు వెదకుటకు పది రోజులు ముందుగా దిగినవారు, తిరుగుప్రయాణానికి ముందు నయాగరా చూచి రాదలచినవారు, విమానమెక్కిన నాటి నుండి విమానం దిగిన నాటి వరకు పాలసీ ఉండునట్లు చూచుకొనవలెను.

అక్కడికి చేరిన మొదటి వారంలోనే, తమ పాలసీతో ఒప్పందమున్న వైద్యులు, ఆస్పత్రులు ఇంటికి దగ్గరలో ఏవున్నవో కనుగొనవలెను. ఒప్పందం లేని చోట చికిత్స పొందినచో రోగి భాగం పెరుగుతుంది. విశ్వవిద్యాలయపు ఆరోగ్యకేంద్రం చాల చోట్ల విద్యార్థులకే పరిమితం. జ్వరం, బెణుకు వంటివానికి అర్జెంట్ కేర్ అనే చిన్న కేంద్రాలున్నవి. వాని ఖర్చు ఆస్పత్రి అత్యవసర విభాగపు ఖర్చుకన్న చాల తక్కువ. ఆస్పత్రిలో చేరినచో వెంటనే బీమా సంస్థకు తెలుపవలెనను షరతు సాధారణం కాబట్టి, పాలసీ సంఖ్యను, ఫోను సంఖ్యను తోటి పరిశోధకునికి ఒకరికి ఇచ్చి ఉంచుట మంచిది.

నిత్యం వాడే మందులను సరిపడినన్ని తీసికొని వెళ్ళువారు, వైద్యుని చీటీలో మందు కంపెనీ పేరుగాక అసలు రసాయన నామం వ్రాయించుకొనవలెను. మన అంగళ్ళలోని పేర్లు అక్కడ తెలియవు. ప్రతి ఇంటా ఉండే పారాసెటమాల్‌ను కూడ అక్కడ ఎసిటమినోఫెన్ అని అడుగవలసి ఉంటుంది.