గేర్‌బాక్స్ స్పీడ్ సెన్సార్: లోపం ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?



మన హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్లినవాళ్లలో టీచర్లు, కానిస్టేబుళ్లు, గ్రూప్స్ రాసి నెగ్గినవాళ్లు ఉన్నారు. వాళ్ల విజయగాథలు ప్రతి సంచికలోనూ చదువుతూనే ఉన్నాం. స్టీరింగ్ పట్టుకుని బతుకుతున్న అన్నలూ, గ్యారేజీల్లో చేతులకు గ్రీజు పూసుకున్న తమ్ముళ్లూ మనలో తక్కువేమీ లేరు. వారి పనికి పనికొచ్చే పాఠం ఒకటి ఈసారి రాయాలనిపించింది. ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది మనకెందుకులే అని పేజీ తిప్పవద్దు. ఇందులో ఉన్నదంతా మీ ఫిజిక్సు పుస్తకంలోని విద్యుదయస్కాంత ప్రేరణ పాఠమే. అది కారు కింద, నూనె మరకల మధ్య కనిపిస్తుంది, అంతే తేడా.

కారు గేర్‌బాక్స్‌లో షాఫ్టులు ఎంత వేగంగా తిరుగుతున్నాయో కంప్యూటరుకు చెప్పే చిన్న పరికరమే స్పీడ్ సెన్సార్. చాలా బళ్లలో ఇది బొటనవేలంత ఉంటుంది. ఆటోమేటిక్ గేరు బళ్లలో సాధారణంగా రెండుంటాయి. ఒకటి ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్టును చూస్తుంది, దాన్ని ఇన్‌పుట్ సెన్సార్ అంటారు. రెండోది చక్రాల వైపు పోయే షాఫ్టును చూసే అవుట్‌పుట్ సెన్సార్. ఇన్‌పుట్ 2,400 చుట్లు, అవుట్‌పుట్ 800 చుట్లు తిరుగుతుంటే నిష్పత్తి 3. తాను వేసిన గేరుకు ఈ నిష్పత్తి సరిపోయిందో లేదో కంప్యూటర్ ఎప్పటికప్పుడు లెక్క చూసుకుంటుంది. లెక్క కుదరకపోయినా, ఒక అంకె అసలు రాకపోయినా దానికి భయం పట్టుకుంటుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగించి, చాలా బళ్లలో రెండో గేరులోనో మూడో గేరులోనో బిగుసుకుపోతుంది. దీన్నే లింప్ మోడ్, అంటే కుంటినడక అంటారు. గేర్‌బాక్స్ నలిగిపోకుండా బండిని ఎలాగోలా ఇంటికి చేర్చడానికి పెట్టిన ఏర్పాటు ఇది. డ్రైవరుకు మాత్రం గేర్‌బాక్సే పోయినట్టు అనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

సెన్సార్ ఎలా పనిచేస్తుంది?

పాత సైకిల్ డైనమో చూసినవారికి సగం పాఠం వచ్చేసినట్టే. తొక్కుడు పెరిగితే దీపం ప్రకాశం పెరుగుతుంది, ఆపితే ఆరిపోతుంది. మొదటి రకం సెన్సార్ దాని తమ్ముడులాంటిది. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. ఎదురుగా పళ్ల చక్రం తిరుగుతుంది. ఒక్కో పన్ను దగ్గరికి వచ్చి పోయినప్పుడల్లా చుట్టలోని అయస్కాంత అభివాహం మారి వోల్టేజి పుడుతుంది. 1831లో మైఖేల్ ఫారడే కనుగొన్న సూత్రం ఇదే. (ఫారడే ఒక కమ్మరి కొడుకు. పుస్తకాలకు అట్టలు కుట్టే దుకాణంలో పనికి కుదిరి, అక్కడ కుట్టడానికి వచ్చిన పుస్తకాలే చదివి శాస్త్రవేత్త అయ్యాడు. ట్యూషన్ లేదని బాధపడేవారు గుర్తుంచుకోండి.) ఈ రకానికి రెండు తీగలుంటాయి, బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. బండి మరీ నెమ్మదిగా పోతున్నప్పుడు వోల్టేజి కూడా మరీ తక్కువగా పుట్టడం దీని బలహీనత.

రెండో రకం హాల్ సెన్సార్. కరెంటు పారుతున్న పలక మీదికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం వస్తే, పలక పక్క అంచుల మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఎడ్విన్ హాల్ దీన్ని పట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగు కూడా నిండలేదు. ఈ సెన్సార్‌కు మామూలుగా మూడు తీగలుంటాయి: సప్లై, ఎర్త్, సిగ్నల్. సప్లై కొన్ని బళ్లలో 5 వోల్టులు, కొన్నింటిలో బ్యాటరీ వోల్టేజి. సిగ్నల్ మెట్లు మెట్లుగా పైకీ కిందికీ దూకుతుంది. రెండు తీగలున్నంత మాత్రాన అది చుట్ట రకమేనని తీర్మానించకండి. ఈమధ్య బళ్లలో రెండు తీగలతోనే పనిచేసే హాల్ సెన్సార్లు కూడా వస్తున్నాయి. బండి మోడల్ వైరింగ్ బొమ్మ చూడకుండా మీటరు పెట్టడం మంచిది కాదు.

సిగ్నల్ లెక్క చాలా తేలిక. చక్రానికి 40 పళ్లుండి నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే, 40ని 1,500తో గుణించి 60తో భాగించాలి. సెకనుకు 1,000 పల్సులు. మీటరులో హెర్ట్జ్ గుర్తు దగ్గర పెడితే ఇదే అంకె కనపడాలి.

కోడ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఇది తప్పనిసరి. మన దేశంలో 2010లో బి.ఎస్.-4 బళ్లతో మొదటి దశ, 2013లో రెండో దశ వచ్చాయి. అక్కడ స్కానర్ గుచ్చితే కోడ్ వస్తుంది. పి-0715 అంటే ఇన్‌పుట్ సెన్సార్ సర్క్యూట్, పి-0720 అంటే అవుట్‌పుట్ సెన్సార్ సర్క్యూట్, పి-0722 అంటే అవుట్‌పుట్ సిగ్నల్ రావడం లేదు, పి-0723 అంటే వచ్చీ పోతోంది. ‘సర్క్యూట్’ అన్న మాటను గీత గీసి చదువుకోండి. సెన్సార్ పాడైందని కోడ్ ఎక్కడా అనలేదు. సెన్సార్, కప్లర్, తీగలు, ఎర్త్, కంప్యూటర్ అన్నీ కలిపితేనే సర్క్యూట్. టీచరు హాజరు పిలిస్తే జవాబు రాలేదన్నంత వరకే కోడ్‌కు తెలుసు. పిల్లవాడు రాలేదా, వచ్చి నిద్రపోతున్నాడా, గొంతు పోయిందా అన్నది మనం లేచి చూడాల్సిందే.

తక్కువ ధర బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. గేర్‌బాక్స్ కంప్యూటరుతో మాట్లాడలేక, లోపాలేవీ లేవని చూపిస్తాయి. ఆ మాట నమ్మి ఊరుకోవద్దు.

ఒక నిజమైన కేసు

ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ పూర్తయ్యాక ఉద్యోగ ప్రయత్నాల కోసం నేను మణికొండలో గది తీసుకుని ఉంటున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసినవాణ్ని నేనే మొదటివాణ్ని కాబట్టి, బల్బు మాడినా బండి ఆగినా అందరూ నన్నే పిలుస్తారు. మన హాస్టల్లో నాకు నాలుగేళ్లు సీనియర్ అయిన ఒక అన్న పుప్పాలగూడ వైపు ఒక ఇంట్లో సొంత కారు డ్రైవరుగా పనిచేస్తున్నాడు. ఆటోమేటిక్ బండి. వానాకాలంలో ఒకరోజు నార్సింగి సర్వీసు రోడ్డు మీద గట్టిగా కుదుపు ఇచ్చి మూడో గేరులో బిగుసుకుంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచింది. రెండ్రోజులకు మళ్లీ అదే. గ్యారేజీవాళ్లు పి-0722 చూసి, గేర్‌బాక్స్ విప్పాలనీ లక్షన్నర దాకా అవుతుందనీ అన్నారు. మోటుగా నడపడం వల్లే ఇలా అయిందని ఓనరు చెవిన కూడా వేశారు. నెలనెలా జీతంలో కొంత పట్టుకుంటానని ఓనరు అన్నకు చెప్పేశాడు. అన్నకు ఇద్దరు పిల్లలు.

“తమ్ముడూ, నీ చదువు ఇందులో ఏమన్నా పనికొస్తదా?” అని ఫోన్ చేశాడు.

ఓనరు ఒప్పుకున్నాక, తెలిసిన మెకానిక్ దగ్గర గేర్‌బాక్స్ చదివే స్కానర్ అడిగి తెచ్చాం. అన్న నడిపాడు, నేను పక్కన కూర్చుని తెర మీది అంకెలను ఫోనులో వీడియో తీశాను. మణికొండ లోపలి రోడ్లలో స్పీడ్ బ్రేకర్లకు కొదవ లేదు కదా, ఆరోజు వాటికి దండం పెట్టాను. గంటకు 40 కిలోమీటర్ల మీద పోతూ ఒకదాన్ని దాటగానే అవుట్‌పుట్ షాఫ్టు అంకె 1,330 నుంచి సున్నాకు పడి, రెప్పపాటులో మళ్లీ 1,330కి వచ్చింది. ఆ బండి స్పీడోమీటరుకు వేగం చక్రాల దగ్గరి ఏ.బి.ఎస్. సెన్సార్ల నుంచి వస్తుంది. అది మాత్రం 40 దగ్గర కదలకుండా ఉంది.

ఇక్కడ కాగితం తీసుకుని లెక్క వేయండి. టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి 3.8 అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్లంటే నిమిషానికి 667 మీటర్లు. చక్రం 351 చుట్లు, దాన్ని 3.8తో గుణిస్తే షాఫ్టు సుమారు 1,333 చుట్లు. అంటే సున్నా పడనప్పుడు సెన్సార్ నిజమే చెబుతోంది. ఇక ఆ సున్నా సంగతి. 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11.1 మీటర్లు. అది సెకనులో పదో వంతులో సున్నా కావాలంటే రుణ త్వరణం 111 కావాలి, అంటే గురుత్వ త్వరణానికి పదకొండు రెట్ల పైమాటే. పొడి రోడ్డు మీద ప్రాణం పోయేట్టు బ్రేకు తొక్కినా మామూలు కారుకు ఒక్క రెట్టు దాటడం కష్టం. షాఫ్టు నిజంగా ఆగి ఉంటే మేమిద్దరం అద్దంలోంచి రోడ్డు మీద పడి ఉండేవాళ్లం. కాబట్టి ఆగింది షాఫ్టు కాదు, సిగ్నల్.

లోపల క్లచ్ పలకలే అరిగి జారుతుంటే అంకెలు వేరేలా ఉంటాయి. అవుట్‌పుట్ అంకె బండి వేగంతోపాటే సాఫీగా పెరుగుతుంది, ఇన్‌పుట్ అంకె మాత్రం యాక్సిలరేటర్ తొక్కగానే అదుపు తప్పి పైకి పోతుంది. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే తీగ లోపానికి గేర్‌బాక్స్ విప్పుతారు.

అపార్ట్‌మెంటు సెల్లార్‌లో బండి పెట్టి, టార్చి వేసి వెతికాం. కప్లర్ శుభ్రంగా ఉంది. ఇగ్నిషన్ ఆన్ చేసి సప్లై తీగ దగ్గర మీటరు పెడితే 5 వోల్టులు. అక్కడితో సరే అనుకుని వదిలేసే పరీక్షే ఇది. మీటరు అలాగే ఉంచి వైరింగును కొద్దికొద్దిగా వంచుతూ పోయాం. కప్లర్‌కు జానెడు దూరంలో వంచగానే మీటరు సున్నా. టేపు విప్పి చూస్తే పళ్ల గాట్లు! సెల్లార్ ఎలుకలు తీగ పైతొడుగు కొరికాయి, వాన నీళ్లు లోపలికి పోయాయి, రాగి పచ్చగా చిలుమెక్కింది. రెండు మూడు పోగులు మాత్రమే కలిసి ఉన్నాయి. పాడైన ముక్క కోసేసి, అంతే మందం కొత్త తీగ సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి వేడిచేసి, లోహపు అంచుకు తగలకుండా క్లిప్పు వేశాం. రెండు వందల లోపే అయింది. ఓనరు వీడియో మొత్తం చూశాడు. జీతం కోత మాట మళ్లీ ఎత్తలేదు. తప్పుగా అన్నానని కూడా అనలేదనుకోండి.

మీరు చేసేటప్పుడు

బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ ముందు చూసుకోండి. ఒకేసారి నాలుగైదు సెన్సార్ల కోడ్‌లు వస్తే నాలుగైదూ ఒకే రోజు చావవు, వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్న సప్లైనో ఎర్త్‌నో అనుమానించాలి. చుట్ట రకం సెన్సార్‌కు కప్లర్ పీకి ఓమ్ కొలవొచ్చు, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చాలి. హాల్ సెన్సార్‌ను మాత్రం ఓమ్ మీటరుతో కొలిచి తీర్పు చెప్పకూడదు. కొన్నిసార్లు అది దెబ్బతింటుంది కూడా. దానికి సప్లై ఇచ్చి, షాఫ్టు తిప్పుతూ సిగ్నల్ దూకుతోందో లేదో చూడటమే పరీక్ష.

షాఫ్టు తిప్పడానికి ముందు చక్రాలు లేపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు, ఇనుప స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు అడ్డు వేయండి. ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేత్తోనే తిప్పండి. ఇక్కడ ఒక తమాషా ఉంది. రెండు చక్రాలూ గాలిలో ఉంటే, ఒకటి ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరగొచ్చు. అది డిఫరెన్షియల్ పని. అప్పుడు మధ్యలోని పళ్ల చక్రం కదలదు, సిగ్నల్ రాదు, సెన్సార్ చచ్చిందనిపిస్తుంది. అవతలి చక్రాన్ని ఒకరు గట్టిగా పట్టుకుని ఉండాలి.

చేతి గేరు బళ్లలో కథ చిన్నది. వాటిలో చాలావాటికి గేర్‌బాక్స్ మీద ఒకే సెన్సార్ ఉంటుంది. అది పోతే స్పీడోమీటరు ముల్లు పడిపోతుంది, పి-0500 కోడ్ వస్తుంది. కొన్ని రకాల్లో సెన్సార్‌ను తిప్పే ప్లాస్టిక్ పినియన్ అరిగిపోతుంది. సెన్సార్ మార్చినా ఫలితం ఉండదు, పినియన్ విప్పి చూడాలి. పసుపు నంబరు ప్లేటు బళ్లు నడిపే అన్నలు ఇంకోటి కూడా చూడాలి. 80 దాటకుండా పెట్టే స్పీడ్ గవర్నర్ బిగించేటప్పుడు వేగం తీగను మధ్యలో కోసి అతుకు వేసి ఉంటే, వానాకాలంలో లోపం మొదలయ్యేది చాలాసార్లు ఆ అతుకు దగ్గరే.

సెన్సార్ విప్పినప్పుడు దాని కొనను చూడండి. అయస్కాంతం కాబట్టి సన్నటి ఇనుప పొడి అంటుకోవడం మామూలే, తుడిచేస్తే చాలు. గోటిముక్కంత రేకులు అంటుకుని ఉంటే మాత్రం లోపల నిజంగానే ఏదో అరుగుతోందన్నమాట. అప్పుడు గేర్‌బాక్స్ విప్పాలన్న మెకానిక్ మాట వినాల్సిందే. కొన్ని గేర్‌బాక్సుల్లో సెన్సార్ లోపల నూనెలోనే ఉంటుంది. ఆ పని అనుభవం ఉన్నవారికే వదలండి, తీగలూ కప్లర్ వరకు మనం చూసి ఇవ్వొచ్చు.

అన్నీ సరిగ్గా ఉండి సిగ్నల్ ఒక్కటే రాకపోతే అప్పుడు కొత్త సెన్సార్ కొనండి. రబ్బరు రింగు కూడా కొత్తదే వేయండి. తర్వాత కోడ్ చెరిపి, లోపం వచ్చిన రోడ్డులోనే, అదే వేగంతో, అవే స్పీడ్ బ్రేకర్ల మీదుగా స్కానర్ పెట్టుకుని నడపండి. చెరిపేముందు పాత కోడ్, కిలోమీటర్ రీడింగు, తేదీ ఒక చిన్న పుస్తకంలో రాసి ఓనరు చేత సంతకం పెట్టించుకోండి.