ఇనుప పెట్టె

ఉద్దేశం

దొంగతనం, అగ్ని, వరద అనే మూడు ఆపదల నుండి విలువైన వస్తువులను, పత్రాలను కాపాడుకొనే పద్ధతులను తెలుసుకోవడం. వస్తువు కన్న ప్రాణం మిన్న అనే వివేకాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ధనాన్ని ఆర్జించడం ఒక ఎత్తు. ఆర్జించిన దానిని కాపాడుకోవడం మరొక ఎత్తు. మన పూర్వులు ధాన్యాన్ని పాతర వేశారు. బంగారాన్ని బిందెలలో నింపి భూమిలో దాచారు. లంకెబిందెల కథలు పుట్టింది ఈ అలవాటు నుండే. కలిగినవారి ఇండ్లలో నిలువెత్తు భోషాణాలు ఉండేవి. ఇంటి పెద్ద రాత్రివేళ ఆ భోషాణం మీదనే పక్క వేసుకొని పడుకొనేవాడు. అంతకు మించిన తాళం ఆ రోజులలో లేదు. తరువాతి కాలంలో ఇనుప పెట్టె, దాని వెనుకనే ఇనుప బీరువా మన ఇండ్లలోకి వచ్చాయి.

దాచుకోదగినది ధనం మాత్రమే కాదు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలోని ఒక రాతి అరలో భద్రపరచారు. తాటాకు చెదలకు లొంగుతుంది, నిప్పుకు ఆహుతి అవుతుంది. రాగి అంత సులభంగా నశించదు. ఆ ముందుచూపు వల్లనే వేల సంకీర్తనలు నేడు మనకు దక్కాయి. అయితే ఆ సంకీర్తన భాండాగారం చాలా కాలం ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోయింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో గాని ఆ రేకులు పండితుల చేతికి అంది, పరిష్కరణకు నోచుకోలేదు. భద్రంగా దాచడం ఎంత ముఖ్యమో, దాచిన చోటు తరువాతి తరానికి తెలియడం కూడా అంతే ముఖ్యమని ఈ చరిత్ర బోధిస్తున్నది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. ఆ వరద తీసిన కొన్నాళ్ళకు ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. నీరు వీధిలోకి రాగానే వాళ్ళ అమ్మగారు బీరువాకు తాళం వేసి, తాళంచెవి బొడ్డులో దోపుకొని, పిల్లలతో మేడ మీదికి ఎక్కారట. తిరిగి వచ్చి చూస్తే తాళం వేసినది వేసినట్లే ఉన్నది. లోపల మాత్రం మోకాటి లోతు బురద! గొలుసు, గాజులు కడిగితే మెరిశాయి. పదవ తరగతి మార్కుల పత్రం, పొలం దస్తావేజు ముద్దగా చేతికి వచ్చాయి. నకలు పత్రం తెచ్చుకొనేలోగా అతడు దరఖాస్తు చేయదలచిన కోర్సు గడువు దాటిపోయింది. "బంగారం పోయినా బాగుండేది సార్" అన్నాడా అబ్బాయి. ఆ మాట నేను నేటికీ మరువలేదు.

ఆ బీరువా చేసిన తప్పేమీ లేదు. అది దొంగను ఆపడానికి చేసినది. నీటిని ఆపడానికి చేసినది కాదు. ఇక్కడనే మనం ఒక విషయాన్ని గ్రహించాలి. చోరభయం, అగ్నిభయం, జలభయం మూడూ వేరు వేరు. ఒకదానికి సరిపోయిన కవచం మరొకదానికి సరిపోకపోవచ్చు.

మొదట చోరభయాన్ని చూద్దాం. దొంగకు ఎదురు నిలిచేవి దళసరి ఉక్కు, గట్టి గడియలు, మంచి తాళం. కాని పెట్టె చిన్నదైతే దొంగ దానిని తెరిచే శ్రమ పడడు. పెట్టెతో సహా ఎత్తుకొని పోతాడు. అందువలన చిన్న పెట్టెను కాంక్రీటు నేలకు గాని, గోడకు గాని బోల్టులతో బిగించాలి. వచ్చిన వారి కంటికి కనబడని చోట ఉంచాలి.

అగ్ని సంగతి వేరు. బంగారం కరగడానికి 1064 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కాగితం సుమారు 230 డిగ్రీల దగ్గరనే మాడిపోతుంది. పలుచని ఇనుప పెట్టె నిప్పుల మధ్య పొయ్యి మీది పెనంతో సమానం. లోపలి కాగితం మంట తగలకుండానే బొగ్గు అవుతుంది. అగ్నినిరోధక పెట్టె నిర్మాణం ఇందుకు భిన్నమైనది. దాని గోడలలో రెండు ఉక్కు రేకుల నడుమ కాంక్రీటు వంటి పదార్థాన్ని నింపుతారు. ఆ పదార్థంలో నీరు రసాయనికంగా బంధింపబడి ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరిగా మారుతూ వేడిని తాను గ్రహిస్తుంది. తడి కుండ ఎండలో చల్లగా ఉండడానికి కారణం కూడా నీరు ఆవిరి కావడమే. ఇటువంటి పెట్టెలకు అరగంట, గంట, రెండు గంటలు అని కాలపరిమితి నిర్ణయిస్తారు. కాగితాల కోసం చేసిన పెట్టె ఆ కాలమంతా లోపలి వేడిని సుమారు 177 డిగ్రీలు దాటనీయదు. పెన్‌డ్రైవులు, హార్డ్ డిస్కులు ఆ వేడికి కూడా తట్టుకోలేవు. వాటి కోసం లోపలి వేడిని సుమారు 52 డిగ్రీలకు లోబడి ఉంచే ప్రత్యేకమైన పెట్టెలు ఉన్నాయి. మంట ఆరిన వెంటనే పెట్టెను తెరవరాదు. లోపల వేడెక్కిన కాగితాలకు గాలి సోకితే అవి అప్పటికప్పుడు అంటుకోవచ్చు. పూర్తిగా చల్లారిన తరువాతనే తెరవాలి.

నీటికి పాటించవలసిన సూత్రం ఎత్తు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గాని, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు గాని, నేల మీద ఉన్న వస్తువులను మిగల్చలేదు. ముంపు ప్రాంతాలలో పెట్టెను నేల మీద కాక వీలైనంత ఎత్తులో, మేడ ఉంటే మేడ మీద అమర్చుకోవాలి. ప్రతి పత్రాన్ని నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఆ సంచిని పెట్టెలో పెట్టాలి. మూసి ఉన్న పెట్టెలో చెమ్మ చేరుతుంది కనుక తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలను వేసి, అప్పుడప్పుడు మారుస్తుండాలి.

ఏ పెట్టె అయినా నూటికి నూరుపాళ్ళు రక్షణ ఇవ్వదు. మూలపత్రం ఒక చోట, నకలు మరొక చోట ఉండాలి. రిజిస్టరైన దస్తావేజు పాడైతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి ధ్రువీకరించిన నకలు పొందవచ్చు. అందుకు దస్తావేజు నంబరు, సంవత్సరం వేరే చోట వ్రాసుకొని ఉండాలి. 2015లో ప్రారంభమైన డిజిలాకర్ ద్వారా జారీ చేసిన సంస్థలే నేరుగా అందించే పత్రాలు చట్టరీత్యా మూలపత్రాలతో సమానమైనవి. నగలను బ్యాంకు లాకరులో ఉంచుకొనేవారు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం వంటి వాటివల్ల నష్టం కలిగితే బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు నూరు రెట్ల వరకే. బ్యాంకు నిర్లక్ష్యం లేనప్పుడు వరద, భూకంపం వంటి వాటివల్ల కలిగే నష్టానికి ఆ బాధ్యత ఉండదు. కాబట్టి నగల ఫోటోలు, కొనుగోలు రసీదులు, బీమా పత్రాలు భద్రపరచుకోవడం అవసరం.

తాళంచెవిని పెట్టె పక్కనే వ్రేలాడదీయడం ఎంత తప్పో, ఎవరికీ తెలియకుండా దాచడం కూడా అంతే తప్పు. ఇంటి యజమాని హఠాత్తుగా మంచం పడితే ఆసుపత్రిలో చూపవలసిన బీమా పత్రం ఎక్కడున్నదో ఇల్లాలికి తెలియని ఇండ్లు ఎన్ని లేవు! నమ్మకస్థులైన ఇద్దరికైనా పెట్టె సంగతి తెలిసి ఉండాలి. అంకెలు నొక్కి తెరిచే పెట్టె అయితే బ్యాటరీ అయిపోయినప్పుడు ఉపయోగపడే తాళంచెవిని ఆ పెట్టెలోనే పెట్టి మూయరాదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర చెప్పవలసి ఉన్నది. ఇల్లు అంటుకొన్నప్పుడు, వరద చుట్టుముట్టినప్పుడు పెట్టె కోసం వెనుకకు పరుగెత్తరాదు. మనుషులు బయటపడాలి, 101కి గాని, 112కి గాని ఫోన్ చేయాలి. పెట్టెను ముందుగా సిద్ధం చేసుకోవడంలోని పరమార్థం ఇదే. అత్యవసర సమయంలో దాని గురించి ఆలోచించే పని లేకుండా, పిల్లలను, వృద్ధులను చేయి పట్టుకొని నడిపించడానికి మన రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఇల్లు కాలుతున్నప్పుడు నుయ్యి తవ్వడం ఎవరి తరమూ కాదు. నేటి సాయంత్రం ఇంటికి వెళ్ళి, మీ మార్కుల పత్రం ఎక్కడున్నదో, ఎంత ఎత్తులో ఉన్నదో ఒకసారి చూడండి.

అర్థాలు

పాతర = ధాన్యం దాచే గొయ్యి
భోషాణం = పెద్ద చెక్క పెట్టె
భాండాగారం = విలువైన వస్తువులను దాచే గది
పరిష్కరణ = గ్రంథంలోని తప్పులను సవరించి సిద్ధం చేయడం
నకలు = ప్రతి
ఉప్పెన = తుఫాను వేళ భూమి మీదికి పొంగివచ్చే సముద్రజలం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. చోరభయం, అగ్నిభయం, జలభయం వేరు వేరు అని రచయిత ఎట్లా నిరూపించారు?
2. విలువైన పత్రాలను కాపాడుకోవడానికి పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. రాగిరేకుల చరిత్ర నుండి మనం గ్రహించవలసినది ఏమిటి?
2. "బంగారం పోయినా బాగుండేది" అని విద్యార్థి ఎందుకు అన్నాడు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. మంట ఆరిన వెంటనే పెట్టెను ఎందుకు తెరవరాదు?
2. ముంపు ప్రాంతాలలో పెట్టెను ఎక్కడ అమర్చుకోవాలి?

వ్యాకరణం

సంధులు:
భాండ + ఆగారం = భాండాగారం (సవర్ణదీర్ఘ సంధి)
అతి + అవసరం = అత్యవసరం (యణాదేశ సంధి)
నిలువు + ఎత్తు = నిలువెత్తు (ఉత్వ సంధి)

సమాసాలు:
రాగిరేకులు = రాగితో చేసిన రేకులు (తృతీయా తత్పురుష)
అగ్నిభయం = అగ్ని వలన భయం (పంచమీ తత్పురుష)
రెండు చేతులు = రెండైన చేతులు (ద్విగు సమాసం)