పోటీ పరీక్షల ప్రత్యేకం: విసెంటే డెల్ బోస్కే

ఛాంపియన్స్ లీగ్, ప్రపంచ కప్, యూరో కప్ మూడూ గెలిచిన కోచ్ ఎవరు? క్రీడల విభాగంలో అడగదగిన ప్రశ్న. జవాబు స్పెయిన్‌కు చెందిన విసెంటే డెల్ బోస్కే. 1950 డిసెంబర్ 23న సాలమాంకాలో పుట్టారు.

ఆటగాడిగా ఆయన రియల్ మాడ్రిడ్ మిడ్‌ఫీల్డర్; 5 సార్లు లా లిగా గెలిచిన జట్టులో ఉన్నారు. అదే క్లబ్‌కు కోచ్‌గా 2000, 2002లలో ఛాంపియన్స్ లీగ్, 2001, 2003లలో లా లిగా అందించారు. అయినా 2003లో లీగ్ గెలిచిన మర్నాడే క్లబ్ ఆయన్ను వదులుకుంది. ఇంతటి అన్యాయం ఫుట్‌బాల్‌లో అరుదు.

2008లో స్పెయిన్ జట్టు పగ్గాలు చేపట్టారు. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్‌లో తొలి మ్యాచ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో 0-1తో ఓటమి. విమర్శలు వెల్లువెత్తినా ఆయన తన పద్ధతి మార్చుకోలేదు. నాకౌట్‌లో పోర్చుగల్, పరాగ్వే, జర్మనీ, నెదర్లాండ్స్ నాలుగింటినీ 1-0తోనే ఓడించారు. జోహాన్నెస్‌బర్గ్ ఫైనల్‌లో 116వ నిమిషంలో ఇనియెస్టా కొట్టిన గోల్‌తో స్పెయిన్‌కు తొలి ప్రపంచ కప్ దక్కింది.

2012 యూరో ఫైనల్లో ఆయన చూపిన ధైర్యం మరీ గొప్పది. అసలు స్ట్రైకర్ లేకుండా, మిడ్‌ఫీల్డర్ ఫాబ్రెగాస్‌ను ముందుంచి ఆట మొదలుపెట్టారు. కీవ్‌లో ఇటలీపై 4-0తో గెలిచారు.

2011లో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ ఆయనకు మార్క్విస్ బిరుదు ఇచ్చారు. 2016 యూరో తర్వాత కోచ్ పదవి నుంచి తప్పుకున్నారు.

అభ్యర్థులు ఒకటి గుర్తుంచుకోవాలి: 2008 యూరో గెలిచినప్పుడు స్పెయిన్ కోచ్ లూయిస్ అరగోనెస్, డెల్ బోస్కే కాదు.