ఆలుగడ్డ పసుపు కాదు బిడ్డా

కోరుట్ల

బిడ్డా,

సాంచెల షెడ్డు వెనుక జాగాల ఈసారి ఆలుగడ్డ పెడతనని, పండినదాంట్ల కొంత వచ్చే ఏటి విత్తనానికి దాసుకుంటనని ఫోన్ల చెప్పినవు. పెట్టు, తప్పకుండ పెట్టు. విత్తనం దాచుడు మాత్రం మనసుల నుంచి తీసెయ్యి. ఇది ఫోన్ల చెప్తే తెగే ముచ్చట కాదని రాస్తున్న.

నువ్వు పసుపు పండే ఇంట్ల పుట్టినవు. మీ బాపు తవ్వకం అయినంక మంచి మండలు, కొమ్ములు ఏరి, నీడకు కుప్పబోసి, పసుపాకు కప్పి, పైన మట్టి మెత్తేది చూసుకుంటనే పెరిగినవు. జూన్ల వాన పడంగనే ఆ కుప్ప ఇప్పి పెడితే మొలక తప్పేది కాదు. మన ఎండలు ఆ విత్తనాన్ని ఏం చెయ్యలేవు. ఆలుగడ్డ అసుంటిది కాదు. అది పెరూ దిక్కు ఆండీస్ కొండల్ల, సల్లటి గాలుల పుట్టిన పంట. జగిత్యాలల, సిరిసిల్లల 45 డిగ్రీలు కొట్టే మే నెలను అది ఇంట్ల ఉండి దాటలేదు. మొలకలేస్తది, ముడుతలు పడతది, ఆఖరుకు లోపలంత నల్లబడి కుళ్లుతది. లెక్క చూడు: పసుపు విత్తనం మూడు నాలుగు నెలలు ఆగితే సాలు. ఆలుగడ్డ ఫిబ్రవరిల తవ్వితే మళ్ల పెట్టేది అక్టోబర్ల. ఆ ఎనిమిది నెలలు ఆగాల్నంటే 2 నుంచి 4 డిగ్రీల కోల్డ్ స్టోరేజ్ కావాలె. పైగా పేనుబంకతోటి వచ్చే వైరస్ తెగుళ్లు విత్తనంలనే దాగి ఉంటయి, ఏటేటా దిగుబడి పడిపోతది. మన రాష్ట్రంల ఆలుగడ్డకు పేరున్న జహీరాబాద్ రైతులే విత్తనం ఉత్తరాది నుంచి తెప్పించుకుంటరు. వాళ్లకే కానిది మన పెరట్ల కావాలని పట్టు పట్టకు.

ఇగ పెట్టే కాలం. బతుకమ్మను సాగనంపినంక, అక్టోబర్ నడిమి నుంచి నవంబర్ మొదటి వారం లోపల పెట్టాలె. ఆకు పగటి ఎండకు పెరుగుతది కానీ గడ్డ ఊరేది రాత్రి సలికే. రాత్రి వేడి 20 డిగ్రీల కంటె కిందికి దిగితేనే గడ్డ మంచిగ కడతది. దిగకపోతే చెట్టు గుబురుగ లేసి చూడముచ్చటగ ఉంటది, తవ్వితే కింద ఏం దొరకదు. మనకు అసుంటి రాత్రులు నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి దినాల దాకనే. ఇది 90, 100 రోజుల పంట. దీపావళి దాటినంక తీరికగ పెడత అనుకుంటే, గడ్డ ఊరే వేళకు ఎండ మొదలైతది. ఎములాడ జాతరకు జనం కదిలే లోపల నీ గడ్డలు ఇంట్లకు రావాలె.

విత్తనానికి కిరాణ కొట్టు ఆలుగడ్డ వాడకు. అది ఏ రకమో తెలువది, ఏ తెగులు మోసుకొస్తదో తెలువది, కొన్నిటికి మొలక రాకుండ మందు కూడ పడతరు. దొరికితే కుఫ్రి సూర్య అడుగు. సిమ్లాల ఉన్న కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ వేడికి కొంత ఓర్చుకునేటట్టు తీసిన రకం అది. కోడిగుడ్డంత గడ్డలు ఏరి, వారం పది రోజులు నీడల, వెలుతురు తగిలే చోట పరిస్తే పొట్టి, గట్టి మొలకలు వస్తయి. పెద్ద గడ్డను కోసి పెట్టేటోళ్లు ఉన్నరు కానీ, అక్టోబర్ల మన భూమి ఇంక వెచ్చగనే ఉంటది, కోసిన ముక్క కుళ్లుతది. పూర్తి గడ్డనే పెట్టు.

నేల మెత్తగ, నీళ్లు నిలువకుండ ఉండాలె. మీది ఎర్రచెల్క అయితే మంచిదే, నల్లరేగడి అయితే ఇసుక కలుపు. పెంట బాగ మాగినదే వెయ్యి. పచ్చిది వేస్తే వేరుపురుగు వచ్చి గడ్డలను తొలుస్తది. సాలుకు సాలుకు రెండడుగులు, గడ్డకు గడ్డకు జానెడు. రెండు కిలోల విత్తనం నలభై మొక్కలకు సరిపోతది. చెట్టుకు అరకిలో పండినా మీ ఇంటికి బాగనే ఎల్తది.

నెల దినాలకు మట్టి ఎగదోసుడు మరువకు. అన్నిటికంటె ముఖ్యమైన పని ఇదే. కొత్త గడ్డలు పెట్టిన విత్తనానికి పైన, కాండం నుంచి వచ్చే తీగల కొసలకు కాస్తయి. మట్టి సాలకపోతే పైకి తేలి, వెలుతురు తగిలి పచ్చబడతయి. పచ్చబడ్డ దాంట్ల సొలనిన్ అనే విషం పెరుగుతది, ఉడకబెట్టినా పోదు. పిల్లలున్న ఇల్లు, అసుంటి గడ్డ కూరల పడొద్దు. నీళ్లు కొంచెం కొంచెంగ, తరుచుగ ఇయ్యి. ఎండబెట్టి ఒక్కసారి నింపితే గడ్డలు పగులుతయి.

ఆకు పసుపుబారినప్పుడు తడి ఆపు. పది రోజులాగి చెట్లను నేలమట్టంగ కోసెయ్యి, ఇంక పది పన్నెండు రోజులు గడ్డలను భూమిలనే ఉండనియ్యి. ఇక్కడ నీ పసుపు తెలివి అక్కరకొస్తది, పసుపుకూ ఆకు కోసినంకనే కదా తవ్వుతం. బొటనవేలుతోటి రుద్దితే పొట్టు ఊడకుంటే తవ్వొచ్చు. పొట్టు ముదరని గడ్డను ఎంత జాగ్రత్తగ దాచినా ఆగది. పొద్దున పూట తవ్వు, కడగకు, ఎండల వెయ్యకు. గడ్డపార తగిలినవి పక్కకు తీసి ముందు అవే వండు.

తవ్వినంక రెండు వారాలు గాలి ఆడే చీకటి చోట పలుచగ పరువు. చిన్న గాయాలు మానుతయి. ఆ తర్వాత మంచం కింద ఎండిన యాపాకు రెండు వేళ్ల మందం పరిచి, దానిమీద గడ్డలు పోసి, పైన కూడ అదే ఆకు కప్పు. గడ్డలను తొలిచే చిమ్మెట కండ్లల్ల గుడ్లు పెట్టకుండ అది కాపాడుతది. సాంచెల షెడ్డుల మాత్రం పెట్టకు, రేకుల కింద సాంచెల వేడికి నెల కూడ ఆగవు. ప్లాస్టిక్ సంచి వద్దు, ఉల్లిగడ్డ పక్కన వద్దు. ఫ్రిజ్‌ల పెడితే పిండి చక్కెరగ మారి తియ్యగైతయి. వారానికొకసారి ఏరి, మెత్తబడ్డది కనబడితే తీసెయ్యి. ఇట్ల చేస్తే ఉగాది దాక ఉంటయి. అందుకే ఉగాదికి ఒడిసేటంతనే పెట్టు. మిగిలితే వాడకట్టుకు పంచు.

ఖాళీ అయిన సాళ్లల్ల ఎండకాలం బెండ, గోకర పెట్టు. టమాట, వంకాయ, మిరప ఆలుగడ్డ కులమే, దాని ఎండుతెగులు వాటికీ అంటుతది. ఆ మూడిటికి రెండేండ్లు వేరే జాగ చూడు. విత్తనం దొరకకపోతే దసరా లోపలనే చెప్పు, మీ పెద్దబాపు జహీరాబాద్ దిక్కు పోయే పని ఉన్నది.

ఇట్లు,
మీ పెద్దమ్మ